పాత కంప్యూటరునకు పెద్ద డిస్కు



పాత కంప్యూటరున 4 టెరాబైట్ల హార్డుడిస్కు నమర్చినపుడు, ఒక్కొకచో సుమారు 2 టెరాబైట్లు మాత్రమే వాడుకకు వచ్చును. డిస్కు చెడినదని తలంపకుఁడు. ఎమ్.బి.ఆర్. అను పాత పట్టిక 512 బైట్ల గదులను 32 బిట్ల సంఖ్యతో లెక్కించును. అంతకు మించి దానికి లెక్క సాగదు. జి.పి.టి. అను క్రొత్త పట్టికను వ్రాసినచో డిస్కంతయు నుపయోగపడును.

అయితే యు.ఇ.ఎఫ్.ఐ. లేని పాతయంత్రమున విండోస్ జి.పి.టి. డిస్కునుండి మొదలుకాదు. కావున విండోసును పాత డిస్కునందే యుంచి, క్రొత్తదానిని రెండవదిగా నమర్చుకొనుఁడు. విండోస్ విస్టా (2007) మొదలు ఈ యేర్పాటు చెల్లును.

ముందుగా ఛాయాచిత్రములకు వేఱొకచోట నకలు తీయుఁడు. పట్టిక వ్రాయునపుడు పొరపాటున పాత డిస్కు నెంచినచో సర్వమును పోవును. పరిమాణము చూచి రెండుమార్లు సరిచూచుకొనుఁడు. డిస్కు మరల కొనవచ్చును. గతించిన తల్లిగారి చిత్రము ఏ యంగడిలోను దొరకదు గదా!