సూక్ష్మదర్శినికడ కూర్చున్నవారికి హద్దు వలదా?

ఫ్యాక్టరీ కార్మికుని పనిగంటలకు హద్దు విధించుట న్యాయమని మనదేశము 1948 నాటి చట్టముచే నంగీకరించినది. మోటారు రవాణా కార్మికులకును 1961లో అట్టి రక్షణయే లభించినది. రోగమున్నదో లేదో తేల్చిచెప్పు లేబరేటరీ టెక్నీషియను దినమున కెన్ని స్లైడులు చూడవచ్చునో నిర్ణయించు శాసనము మాత్ర మింకను లేదు.

గోదావరి లంకలనుండియు, మన్యమునుండియు దగ్గుచు కాకినాడ ప్రభుత్వాసుపత్రికి వచ్చు బీదలను తలచుకొనుడు. వారి కఫమును స్లైడుపై పూసి, రంగులద్ది, సూక్ష్మదర్శినిక్రింద క్షయక్రిములను వెదకుదురు. క్రిములు విస్తారముగా నున్నచో కొన్ని చూపులలోనే పట్టుబడును. లేవని చెప్పవలెనన్న 100 క్షేత్రములు చూచి తీరవలెను. అందుకు కనీస మైదు నిమిషములు పట్టును. కావున అలసినవాని తొందర యొక్కవైపునకే మొగ్గును: రోగి ఆరోగ్యవంతుడని యింటికి పంపబడును. మందులేని క్షయరోగి యేడాదిలో 5 మొదలు 15 మందికి రోగ మంటింపగలడు.

అందుచేతనే ప్రపంచ ఆరోగ్యసంస్థ ఒక్కరికి దినమునకు 20–25 స్లైడులకు మించరాదని సూచించినది. 25 స్లైడులనగా 2,500 క్షేత్రములు. చిన్న ఆసుపత్రులలో రక్తము, మూత్రము, మలేరియా పరీక్షలును ఆ మనిషియే చేయవలసియుండును.

అమెరికాలో స్లైడునకింతయని కూలియిచ్చి, గర్భాశయముఖ క్యాన్సరు పరీక్షలను త్వరత్వరగా ముగింపించిన లేబరేటరీల దుస్థితిని 1987లో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక బయటపెట్టెను. 1988లో చట్టము వచ్చెను. దాని నిబంధనలప్రకారము 24 గంటలలో ఒకరు 100 స్లైడులకు మించి చూడరాదు. ఆ నూరింటిని 8 గంటలకు తక్కువ కాలములో ముగింపరాదు. ఒక పత్రిక, మేల్కొనిన ప్రజలు, ఒక శాసనసభ: ఇంతకంటె నేమియు కావలసిరాలేదు.

మనుష్యులు చాలరని కొందరు, యంత్రములు వచ్చినవని కొందరు చెప్పుదురు. యంత్రమునకు కఫమును సిద్ధపరచువాడును మనుష్యుడే. మనుష్యులు చాలనిచో నియమింపవలెను. అంతవరకు రేపు తెలిసెడి నిజము నేడు చేతికిచ్చెడి యబద్ధముకంటె మేలు.

తప్పు దొరలినపుడు సంజాయిషీ టెక్నీషియను నడుగుదురు. మితిమీరిన పని నప్పగించిన యధికారి సంతక మెచ్చటను కానరాదు. ఇది న్యాయము కాదు. 2021 నాటి అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టము వీరికి విద్యాప్రమాణములను, రిజిస్టరును ఏర్పరచినది. పని హద్దును గూడ నిబంధనగా విధింపవలెను. ప్రతి లేబరేటరీ గోడపై ఆ హద్దును వ్రాయవలెను. చూచిన స్లైడుల లెక్కను దినదినము నమోదుచేయవలెను.

పౌరులారా! మీ ఆసుపత్రి అభివృద్ధి సంఘమువారిని ఒక్క ప్రశ్న యడుగుడు: నిన్న ఒక్కొక్కరు ఎన్ని స్లైడులు చూచిరి? ఆ యంకె చెప్పలేనివారు ఫలితములకు పూచీ పడజాలరు.