పొగడ్త ఈగకి, పొగ దాని ఇంటికి

తేనెటీగను పొగడని వాళ్లెవరండీ? బళ్లో మేష్టారు పొగుడుతారు. పురాణం చెప్పే శాస్త్రిగారు పొగుడుతారు. కొత్తకోడలికి బుద్ధులు గరిపే పెద్దత్తగారు కూడా, "తేనెటీగలా పని చెయ్యాలే అమ్మాయ్!" అంటుంది. అదే ఈగ మన మేడమీద నీళ్ల ట్యాంకు కింద ఇల్లు కట్టుకుందో, అపార్టుమెంటు సంఘంవారు ఆగమేఘాల మీద మీటింగు పెట్టి, ఇంటికింత అని చందా వేసి, చీకటి పడగానే కాగడా పట్టే మనిషిని పిలిపిస్తారు. పొగడ్త ఈగకి, పొగ దాని ఇంటికి! పట్టులో చాకిరీ చేసేవన్నీ ఆడఈగలే సుమండీ. పని చేసినన్నాళ్లూ మెచ్చుకోవడం, తనకంటూ ఓ మూల కావాలంటే చిరాకుపడటం మన సంసారాల్లో మాత్రం కొత్తా?

నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ పేటల్లో పెరళ్లు పోయి అపార్టుమెంట్లూ, హాస్టళ్లూ, కోచింగ్ సెంటర్లూ లేచాయి. కొండ తేనెటీగకు మన మీద ప్రత్యేకించి కక్షేం లేదు. అడవిలో అది ఏ కొండచరియ కిందో, ఏ పెద్ద చెట్టు కొమ్మకో ఒకే ఒక్క రేకుగా ఆరుబయట పట్టు పెడుతుంది. మన అయిదంతస్తుల మేడ సజ్జా దాని కంటికి కొండచరియలాగే ఉంటుంది. కొండ కట్టింది మనం, అద్దెకు దిగింది అది. పూత తగ్గిందా, ఎవరూ నోటీసు ఇవ్వకుండానే తనంతట తను లేచి పూలున్న చోటికి వెళ్లిపోతుంది. ఇంత మర్యాదగా ఇల్లు ఖాళీ చేసే వాళ్లని మీ పేటలో ఎంతమందిని చూశారు చెప్పండి?

"అవి మీద పడితే ప్రాణాలే పోతాయమ్మా!" అంటారు. నిజమే, గుంపుగా కుడితే ప్రమాదమే. నేను కాదనను. కానీ తన మానాన తనున్న పట్టు ఊరికే లేచి ఎవరి మీదా పడదు. రాయి విసిరితే లేస్తుంది. పొగ పెడితే లేస్తుంది. గాలిపటం మాంజా కోసినా, గద్ద వచ్చి కదిపినా లేస్తుంది. పైగా ఈ జాతికి రాత్రిపూట దీపం కనిపిస్తే అటే పోయే గుణం ఉంది. కాగడాకు చెదిరిన ఈగలు వెలుగున్న కిటికీ వెతుక్కుంటూ మన ఇళ్లలోకే వస్తాయి. ఏది జరుగుతుందని భయపడ్డామో దాన్ని మనమే చందాలు వేసుకుని మరీ జరిపిస్తున్నామన్నమాట! పట్టు నిజంగానే చేతికందే ఎత్తులోనో, బడి గుమ్మంలోనో ఉంటే, చంపకుండా తరలించడం తెలిసినవాళ్లని పిలవాలి. అయిదో అంతస్తు సజ్జా కిందున్న దాన్ని దాని మానాన వదిలెయ్యాలి.

"మరి పిల్లల భయం పోయేదెలా?" నడిస్తే పోతుంది. యూరప్‌లో స్లొవేనియా అని చిన్న దేశం ఉంది. దాని రాజధాని ల్యుబ్ల్యానాలో 2015 నుంచి 'తేనెటీగల బాట' నడుస్తోంది. ఈగల పెట్టెలు ఎక్కడున్నాయో, వాటికి నచ్చే పూలు ఎక్కడున్నాయో చూసుకుంటూ ఊళ్లో తిరగవచ్చు. ఆ దేశం పట్టుబట్టడం వల్లనే ఐక్యరాజ్యసమితి 2017లో మే 20ని ప్రపంచ తేనెటీగల దినంగా ప్రకటించింది. 18వ శతాబ్దంలో వియన్నాలో తేనెటీగల పెంపకం నేర్పిన అంటోన్ యాన్షా గుర్తుగా ఆ తేదీ పెట్టుకున్నారు. వాళ్లకి ఈగల పంతులు పుట్టినరోజు పండగ. మనకి పట్టు పుట్టిన రోజే తద్దినం.

మనకూ ఓ బాట ఉండకూడదా? శిలాఫలకం అక్కర్లేదు, టిక్కెట్టు అక్కర్లేదు. సంక్రాంతికీ ఉగాదికీ మధ్య ఓ ఆదివారం పొద్దున్నే పిల్లల్ని వెంటబెట్టుకుని నారాయణగూడ మేల్కోటే పార్కు దగ్గర బయల్దేరండి. చిన్న తేనెటీగ పొదకొమ్మకి అరచేతి పాటి పట్టు పెడుతుంది. దూరంనుంచే కళ్లతో వెతకమనండి. చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర పూలబుట్టల మీదా, తులసి వెన్నుల మీదా ఈగలు వాలతాయేమో చూడమనండి. దారిలో చెరకురసం బండి కనిపిస్తే ఆగండి, తాగడానికి మన కంటే ముందే అవి వచ్చి ఉంటాయి.

త్యాగరాయ గానసభ ముందు నిలబడి ఈగల నాట్యం గురించి చెప్పండి. పూలు చూసొచ్చిన ఈగ పట్టుమీద నడుం ఊపుతూ ఆడుతుంది. ఆ ఆట వాలు చూసి సూర్యుడికి ఎటుగా పోవాలో, ఊపిన సేపుని బట్టి ఎంత దూరం పోవాలో మిగతావి గ్రహిస్తాయి. ఈ గుట్టు విప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కి 1973లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. అక్కణ్ణించి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి, అన్నయ్యలూ అక్కయ్యలూ గ్రూప్స్ పరీక్షలకి ఎలా చదువుతున్నారో చూపించి, అశోక్‌నగర్ చౌరస్తాలో తలెత్తి సజ్జాలన్నీ చూడమనండి. చివరికి ఇందిరాపార్కు చెట్లకింద పులిహోర పొట్లాలు విప్పండి.

నియమాలు నాలుగే. పట్టు దగ్గరికి పోవద్దు, రాయి తియ్యొద్దు, సెంటు పూసుకోవద్దు, పొగ పెట్టొద్దు. పొరపాటున ఒకటి కుడితే ముల్లుని వెంటనే గీకి తీసెయ్యండి. మొహం వాచినా, ఊపిరాడకపోయినా, ఎక్కువ ఈగలు కుట్టినా చిట్కా వైద్యాలు పెట్టుకోకుండా ఆస్పత్రికి తీసుకుపొండి.

"తేనె సీసా కొంటూనే ఉన్నాంగా, ఇంకా ఈ భక్తేమిటి?" అనేవాళ్లూ ఉన్నారు. ఒక కూలి ఈగ జన్మంతా కష్టపడి చేసే తేనె చిన్న చెంచాలో పన్నెండో వంతు. సరే, ఆ తేనె సంగతి పక్కన పెట్టండి. గుమ్మడికి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. దోసకీ అంతే. ఆ పుప్పొడి ఇక్కణ్ణించి అక్కడికి మోసేవాళ్లు లేకపోతే పువ్వు రాలడమే తప్ప కాయ లేదు. మన ధనియాలకీ, పోపు గింజల్లో ఆవాలకీ, పొద్దుతిరుగుడు నూనెకీ కూడా ఈ ఈగల చాకిరీ కలిసొస్తుంది. బజారులో కూరల ధర అడుగుతాం గానీ, ఈ మోతకూలి ఎవరిస్తున్నారని ఎప్పుడైనా అడిగామా?

కాబట్టి ఈసారి మీ అపార్టుమెంటు మీటింగులో చందా పుస్తకం తిరిగితే కొంగు బిగించి లేవండి. కాగడాకి పైసా ఇవ్వమనండి. ఆ డబ్బుతో వాచ్‌మన్ గది పక్కన నాలుగు తులసి కుండీలూ, ఒక మునగ మొక్కా పెట్టిద్దామనండి. ఎవరైనా, "తేనెటీగంటే మాకూ గౌరవమే, ఎంత క్రమశిక్షణ!" అని ఉపన్యాసం మొదలుపెడితే వారికి ఒక్క మాట చెప్పండి. మీ పొగడ్తలు దానికి వినపడవు. పొగ మానండి, అది చాలు.