మిర్చి చేలో మైగ్రేన్ బిళ్ల

మైగ్రేన్ రాకుండా రోజూ వేసుకునే మందుల్లో ఏది మంచిదంటే, నొప్పి ఎంత తగ్గిందన్న లెక్కే ముందు చెబుతారు. తట్టుకోలేక ఎంతమంది మానేశారన్న లెక్క జర్మనీలో తీశారు. 777 మందిలో సగంమందికి టోపిరమేట్ బిళ్లలు, సగంమందికి నెలకోసారి ఎరెనుమాబ్ ఇంజెక్షన్ 24 వారాలపాటు ఇచ్చారు. 2022లో ఫలితాలు అచ్చయ్యాయి. దుష్ప్రభావాల వల్ల మానేసినవాళ్లు ఇంజెక్షన్ వైపు 10.6 శాతమైతే, బిళ్లల వైపు 38.9 శాతం. ఈ అధ్యయనం ఖర్చు ఆ ఇంజెక్షన్ కంపెనీదే అన్నది మరువకూడదు గానీ, వేళ్ల తిమ్మిర్లు, నోటిదాకా వచ్చిన మాట తట్టకపోవడం టోపిరమేట్‌తో పాత ఫిర్యాదులే.

కూలి డబ్బుతో గడిచే ఇంటికి నెలనెలా ఆ ఇంజెక్షన్ అందదు. గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో దిక్కు బిళ్లలే. అందుకే జర్మనీ లెక్కను మన ఎండలో పెట్టి చదవాలి. టోపిరమేట్ కొందరికి, ముఖ్యంగా పిల్లలకు, చెమట తగ్గిస్తుంది. చెమట పట్టకపోతే ఒళ్లు చల్లబడదు. రెంటచింతల ఎండలు ఎలాంటివో అందరికీ తెలుసు; మిర్చి కోతలు ఆ ఎండలు ముదిరేదాకా సాగుతాయి. ఈ మందుకు మూత్రపిండాల్లో రాళ్లు వచ్చే గుణమూ ఉంది కనుక నీళ్లు బాగా తాగమంటారు. మరుగు లేని చేలో ఆడవాళ్లు నీళ్లు తాగడమే తగ్గించేస్తారు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు మోతాదు సగానికి తగ్గించాలి; కిడ్నీ జబ్బులు ఎక్కువున్న కనిగిరి వైపు నుంచి వచ్చినవాళ్లకు ముందు రక్తపరీక్ష చేయించడం మేలు.

అమిట్రిప్టిలిన్ కూడా కొందరికి చెమటను తగ్గిస్తుంది, నోరు ఎండగడుతుంది. తెల్లవారకముందే కూలీల ఆటో ఎక్కాల్సిన మనిషికి దాని మగత ఇంకా వదలదు. ప్రొప్రనొలాల్ చవక, పాతకాలపు నమ్మకమైన మందు. కానీ ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. కల్లాల్లో, యార్డులో మిర్చి ఘాటుకు దగ్గేవాళ్లను పిల్లికూతలు వస్తాయా అని అడగకుండా అది రాయడం తప్పు. అమెరికాలో అనుమతి లేని ఫ్లునరిజిన్ మన దగ్గర విరివిగా రాస్తారు. బరువు పెంచుతుంది, మనసును కుంగదీయగలదు. పత్తి అప్పులకు రైతులు ప్రాణాలు తీసుకున్న ఊళ్లలో ఈ రెండోది చిన్న విషయం కాదు.

అడగడాన్ని బ్రిటన్ నిబంధనగానే పెట్టింది. 2024 జూన్ నుంచి, గర్భం దాల్చే అవకాశమున్న స్త్రీకి టోపిరమేట్ ఇవ్వాలంటే గట్టి గర్భనిరోధక పద్ధతి ఉండాలి, ప్రమాదం వివరించి సంతకం తీసుకోవాలి. ఈ మందు వాడుతూ గర్భం దాల్చితే నూటికి నాలుగు నుంచి తొమ్మిది మంది బిడ్డలకు పుట్టుకతో లోపాలు వస్తున్నాయి. మామూలుగా ఒకటి నుంచి మూడు. మైగ్రేన్‌కు వాడే మరో మందు వాల్‌ప్రొయేట్‌కు ఇలాంటి కట్టడి 2018లోనే వచ్చింది. మన దగ్గర ఇద్దరు పిల్లలయ్యాక ఆపరేషన్ చేయించుకునేవాళ్లే ఎక్కువ. అంటే ప్రమాదమంతా ఆపరేషన్‌కు ముందున్న కొత్త పెళ్లికూతుళ్లది, చిన్న కోడళ్లది. అత్తగారి ఎదుట నోరు విప్పలేని అమ్మాయిని పక్కకు పిలిచి అడిగే పని నర్సమ్మ, ఆశా కార్యకర్త చేయగలరు.

మానేసేవాళ్లను కోప్పడితే వాళ్లు మళ్లీ రారు. ప్రొప్రనొలాల్‌ను ఒక్కసారిగా ఆపితే గుండెదడ, గుండెజబ్బు ఉంటే అంతకంటే పెద్ద ముప్పు. కోతల్లో కళ్లు తిరుగుతున్నాయని బిళ్ల పక్కన పెట్టాలనుకున్నవాళ్లు ముందు డాక్టరుకు ఫోన్ చేసి, మోతాదు మెల్లగా తగ్గించుకోవాలి.