ఆకాశంలో ఆకుపచ్చ తెర

నార్వేలో పాత 200 క్రోనర్ల నోటు మీది బొమ్మ రాజుదీ కాదు, రాజకీయ నాయకుడిదీ కాదు. ధ్రువ ప్రాంతాల్లో రాత్రిపూట రంగుల తెరల్లా కదలాడే అరోరా గుట్టు విప్పడానికి ప్రాణాలకు తెగించిన శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కెలాండ్‌ది. 1899 చలికాలంలో ఆయన ఉత్తర నార్వేలోని హాల్డె కొండ మీద మకాం వేశాడు. మంచు చరియలు విరిగిపడి బృందంలో ఒకరు చనిపోయారు కూడా. అయినా వెనక్కి తగ్గలేదు. గాలి తీసేసిన పెట్టెలో, భూమికి నమూనాగా ఓ అయస్కాంత గోళాన్ని ఉంచి దానిమీదికి ఎలక్ట్రాన్లను వదిలాడు. ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలు మెరిశాయి!

సూర్యుడి నుంచి వచ్చే కణాలే అరోరాకు కారణమన్నాడాయన. చాలామంది నమ్మలేదు. 1917లో, 49 ఏళ్లకే టోక్యోలో కన్నుమూశాడు. ఆయన ఊహించిన విద్యుత్ ప్రవాహాలు నిజంగానే ఉన్నాయని ఉపగ్రహాలు తేల్చేసరికి అర్ధశతాబ్దం గడిచిపోయింది.

అయితే అసలు దారి ఆయన అనుకున్నంత తిన్ననిది కాదు. సెకనుకు సుమారు 400 కి.మీ. వేగంతో వీచే సౌరపవనాన్ని భూమి అయస్కాంత క్షేత్రం చాలావరకు పక్కకు నెట్టేస్తుంది. ఆ తోపులాటలో క్షేత్రం చీకటివైపు పొడవాటి తోకలా సాగుతుంది. సాగి సాగి, లాగిన రబ్బరులా తెగి మళ్లీ అతుక్కుంటుంది. అప్పుడు ఎలక్ట్రాన్లు భూమివైపు దూసుకొస్తాయి. దారిలో ఇంకా వేగం పుంజుకుని, 100 కి.మీ.కు పైన ఉండే పలచటి గాలిని ఢీకొంటాయి. పాత టీవీ పిక్చర్ ట్యూబులో బొమ్మ వెలిగేదీ దాదాపు ఇలాగే.

ఆక్సిజన్ పరమాణువు ఆకుపచ్చ వెలుగు ఇవ్వడానికి సెకను కూడా పట్టదు. ఎరుపుకైతే దాదాపు రెండు నిమిషాలు. కింద చిక్కటి గాలిలో అంతసేపు కుదురుగా ఉండటం కుదిరే పనేనా? పక్కవాటి తాకిడికి ఆ శక్తి కాస్తా పోతుంది. అందుకే ఎరుపు 200 కి.మీ. పైనే. 2024 మే 10 రాత్రి లద్దాఖ్‌లోని హాన్లేలో కనిపించింది ఆ ఎరుపే. అరోరా ఎక్కడో ఉత్తరాన... కింది ఆకుపచ్చ భూమి వంపు చాటున ఉండిపోతే, పై అంచు మాత్రం మనవాళ్ల కంటపడింది.

ఈ అందం ఒక్కోసారి ఖరీదైనది. 1989 మార్చిలో సౌర తుపాను దెబ్బకు కెనడాలోని క్యూబెక్‌లో కరెంటు వ్యవస్థ నిమిషంన్నరలో కుప్పకూలింది. 60 లక్షల మంది సుమారు 9 గంటలు చీకట్లో గడిపారు. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయల్దేరిన ఆదిత్య-ఎల్1ను 15 లక్షల కి.మీ. దూరాన కాపలా పెట్టడంలో ఉద్దేశాల్లో ఇదీ ఒకటి. దాన్ని తాకిన సౌరపవనం భూమిని చేరడానికి పట్టే సమయం సుమారు గంట. పెద్ద తుపానైతే అంతకన్నా తక్కువే.