పేలని తూటా ఎవరి తప్పు?

గురి తప్పితే తప్పు షూటర్‌ది. మరి పిస్టలే మొరాయిస్తే? అంతర్జాతీయ షూటింగ్ నిబంధనల ప్రకారం అదీ కొన్నిసార్లు షూటర్ ఖాతాలోకే వెళుతుంది.

2023 హాంగ్జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాదీ ఈషా సింగ్ రజతం గెలిచిన 25 మీటర్ల పిస్టల్ విభాగాన్నే తీసుకోండి. ర్యాపిడ్ దశలో ఒక్కో సిరీస్‌కు 5 తూటాలు. ఒక్కో తూటా కాల్చేందుకు దొరికేది 3 సెకన్లే. తూటా ఇరుక్కున్నా, ఫైరింగ్ పిన్ విరిగినా సిరీస్ పూర్తిచేసే అవకాశమిస్తారు. మ్యాగజైన్ సరిగా కూర్చోక జారిపడితే మాత్రం, పిస్టల్ భాగమేదో దెబ్బతిన్నదని తేలితే తప్ప, ఆ అవకాశం లేదు. పేలని తూటాలకు సున్నాలే. అధికారి పరీక్షించకముందే కంగారుపడి సరిచేయబోయినా అంతే.

పరికరం మొండికేస్తే మూల్యమెంతో మను భాకర్‌కు తెలుసు. 2021లో టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫయింగ్ మధ్యలో ఆమె ఎయిర్ పిస్టల్ లివర్ విరిగింది. మరమ్మతుకు పావుగంటకు పైగా పోయింది. 575 పాయింట్లతో 12వ స్థానం. ఫైనల్ 2 పాయింట్ల తేడాతో చేజారింది. పతకం కోసం ఆమె 2024 పారిస్ దాకా ఆగాల్సి వచ్చింది.

లివర్ విరుగుతుందని ఎవరూ ముందుగా చెప్పలేరు. మ్యాగజైన్ సంగతి వేరు. అడుగు పలక వదులైందా, స్ప్రింగ్ బిగువుగా ఉందా, లోపలికి నెట్టి లాగితే కదలకుండా నిలుస్తోందా అని చూసుకోవడానికి కొన్ని నిమిషాలు చాలు. కోచ్‌లు గురితో పాటు ఈ అలవాటూ నేర్పాలి. ఏళ్ల సాధన వదులు పలక పాలు కాకూడదు.