ప్లే నొక్కితే రమ్మీ ఎందుకొస్తుంది?

మా మామది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మొన్న జూన్‌లో పోతే, చెనక్కాయ విత్తనం మూట మీద కూర్చొని ఫోన్ నా చేతికిచ్చాడు. "ఏం నొక్కినా రమ్మీనే వస్తాండాది అల్లుడా, దీనికి దయ్యమేమన్నా పట్టిందా సూడు" అన్నాడు. పదును వాన కోసం ఆకాశాన్ని, అది చూసి మెడ నొప్పెడితే ఫోన్‌ను చూసే రోజులవి. ఆన్‌లైన్ రమ్మీని రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు. ఆ సంగతి మామ ఫోన్‌కు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఫోన్‌తో పాటు వచ్చిన క్రోమే ఆయన వాడేది. ఎంచుకున్నది కాదు, ఆయన లెక్కలో అది 'నెట్' అంతే. పాపప్‌లను ఆపే సెట్టింగ్ ఉందా అని చూశాను. ఉంది, ఆన్‌లోనే ఉంది. అయినా రమ్మీ వస్తోంది.

పాపప్ 1990ల చివర్లో అమెరికాలోని ట్రైపాడ్ అనే సంస్థలో పుట్టింది. ఒక కార్ల కంపెనీ ప్రకటన అసభ్యమైన పేజీలో పడి గొడవైతే, ప్రకటనకు పేజీతో సంబంధం అంటకుండా వేరే కిటికీలో చూపించేలా అక్కడ పనిచేసే ఈథన్ జకర్‌మన్ కోడ్ రాశాడు. 2014లో ఆయనే లోకానికి క్షమాపణ చెప్పుకున్నాడు. ఆలోపు జనం విసిగిపోయారు. 2004లో ఫైర్‌ఫాక్స్ మొదటి వెర్షన్ పాపప్‌లను ఆపుతూనే వచ్చింది. అదే ఏడాది విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కూడా దారికొచ్చింది.

అప్పటినుంచీ బ్రౌజర్లన్నిటిదీ దాదాపు ఒకటే సూత్రం. కొత్త కిటికీ దానంతటది తెరుచుకోబోతే ఆపు, మనిషి వేలు పడ్డాక తెరుచుకుంటే పోనీ. ఇంత మెతకగా ఉండక తప్పదు. అడంగల్ కాపీ, ఫీజు రసీదు, హాల్‌టికెట్ చాలాచోట్ల కొత్త కిటికీలోనే తెరుచుకుంటాయి. అన్నీ మూసేస్తే పని జరగదు. మాకు దగ్గర్లోని ఒక నెట్ సెంటర్లో కుర్రాడు ఈ బాధ పడలేక పాపప్‌లన్నిటికీ గేటు బార్లా తెరిచిపెట్టాడు. అడంగల్ చక్కగా ప్రింటవుతుంది. దాని వెనకాలే ఇంకేవేవో వచ్చి నిలబడతాయి.

ఆ మెతకదనమే ఎదుటివాడికి ఆయుధం. పైరసీ సినిమా పేజీలో ప్లే బటన్ మీద కంటికి కనపడని పొర ఒకటి పరిచి ఉంటుంది. మొదటిసారి నొక్కితే బెట్టింగ్ పేజీ, రెండోసారి నొక్కితే ఇంకో పేజీ, మూడోసారికి సినిమా. బ్రౌజర్ లెక్కలో మీరు నొక్కారు కాబట్టి మీరే అడిగారు! 2025 నవంబరులో ఐబొమ్మ అనే పైరసీ సైటు నిర్వాహకుణ్ణి అరెస్టు చేసినప్పుడు, సినిమా కోసం వచ్చినవాళ్లను ఆ సైటు బెట్టింగ్ యాప్‌ల వైపు మళ్లించేదని హైదరాబాద్ పోలీసులు చెప్పారు. సినిమా ఉచితంగా ఇచ్చింది ఊరికే కాదు.

బ్రౌజర్ల మధ్య అసలు తేడా ఇక్కడే తేలుతుంది. క్రోమ్ ప్రధానంగా వేలిని చూస్తుంది. ప్రకటనలతో మరీ వేధించే సైట్లలో వాటిని ఆపే పద్ధతి 2019 జులై 9 నుంచి ప్రపంచమంతటా పెట్టింది కానీ, అది శ్రుతి మించినవాళ్లకే. ప్రకటనల మీద బతికే గూగుల్ అంతకంటే కఠినంగా ఉంటుందనుకోవడం అత్యాశ. బ్రేవ్ వేలితో పాటు చిరునామాను కూడా చూస్తుంది. ప్రకటనలు పంపే సర్వర్ల జాబితా పెట్టుకుని, ఆ చిరునామా అయితే గడప దగ్గరే ఆపుతుంది. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ తగిలించుకుంటే ఇదే పని జరుగుతుంది. ఫోన్‌లోని క్రోమ్‌కు అలా తగిలించే వీల్లేదు. సామ్‌సంగ్ బ్రౌజర్ మధ్యరకం, అడ్డుకునే యాప్ విడిగా వేసుకోవాలి. ఒకప్పుడు మన పల్లెల్లో క్రోమ్‌కు దీటుగా నడిచిన యూసీ బ్రౌజర్‌లో ప్రకటనల్ని ఆపే ఏర్పాటు ఉండేది. 2020 జూన్ 29న నిషేధించిన 59 చైనా యాప్‌లలో అదీ పోయింది.

మామ విషయంలో మాత్రం ఇదొక్కటే కాదు. మధ్యాహ్నం ఫోన్ ముట్టకపోయినా రమ్మీ మోగుతోంది. అంటే అది కిటికీ కాదు, నోటిఫికేషన్. 'మీరు రోబో కాదని రుజువు చేయడానికి అనుమతించు నొక్కండి' అని ఏదో పేజీ అడిగి ఉంటుంది, ఈయన మర్యాదగా నొక్కి ఉంటాడు. ఆ ఒక్క నొక్కుడుతో సైటు మూసేసినా ప్రకటనలు ఆగవు. పాపప్ బ్లాకర్‌కు ఇందులో పనే లేదు. 2020 మొదట్లో ఫైర్‌ఫాక్స్ 72 ఈ అడుగుడును ఒక మూలకు నెట్టింది. ఆ వెంటనే క్రోమ్ 80 కొంత గొంతు తగ్గించింది. అంతకుముందే ఇచ్చేసిన అనుమతుల్ని మాత్రం మనమే వెతికి తీసేయాలి.

సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లు తెరిస్తే పొడుగాటి జాబితా. ఒక్కోటీ పేరు చదివి బ్లాక్ చేస్తూ పోయాను. వాతావరణం చెప్పే సైటు ఒకటి వచ్చింది, అదీ ప్రకటనల పుట్టే. వేలు పెట్టబోతుంటే మామ చెయ్యి పట్టుకున్నాడు.

"అది ఉండనీ అల్లుడా. వాన సంగతి చెప్తాది."