పుల్లల అంకెలకు పెట్టిన పేర్లు

ఒకనాడు తరగతిలో బల్లమీద రెండు చీపురుపుల్లలను, వాని ప్రక్కనే మఱి మూడింటిని నిలువుగా పేర్చి, ఇది యెంత యని యడిగితిని. ముందు బల్లవారు ఇరువదిమూడనిరి, వెనుక బల్లవారు అయిదనిరి. ఎవరిని తప్పుపట్టగలము? పూర్వము చీనాదేశపు గణకులకు కలిగిన చిక్కు నిదియే. వారు వెదురుపుల్లలను పఱచి లెక్కలు చేయువారు. ఆఱు మొదలు తొమ్మిది వఱకు, అయిదింటికి బదులుగా ఒక పుల్లను పైని వేఱు దిక్కుగా నుంచువారు. ప్రక్క ప్రక్క అంకెలు కలిసిపోకుండుటకై ఒకట్లు నిలువుగాను, పదులు అడ్డముగాను, నూఱులు మరల నిలువుగాను, వేలు అడ్డముగాను ఉండవలెనని సున్‌జీ గణితగ్రంథము విధించినది. సున్న తావు ఖాళీయే.

ప్రపంచలిపులలోని యక్షరములకు కంప్యూటరు గుర్తించు సంఖ్య నొసగు యూనికోడ్, 2006లో 5.0 కూర్పునందు ఈ యంకెలను చేర్చినది. అడ్డపువి తొమ్మిది, నిలువువి తొమ్మిది, వెరసి 18. సున్నకు చీనాలిపిలో నున్న వలయమునే వాడుకొనుమనిరి. ఇంతవఱకు మేలే. కాని అడ్డపు వానికి ‘ఒకట్ల అంకె’ యనియు, నిలువు వానికి ‘పదుల అంకె’ యనియు పేర్లు పెట్టిరి! ఇది సోంగ్ రాజుల కాలపు వాడుక యనియు, హాన్ కాలమున నిందుకు విరుద్ధముగా నుండెననియు యూనికోడ్ గ్రంథమే యొప్పుకొనుచున్నది.

కాలమునుబట్టి మాఱిన స్థానమును పేరుగా నిలుపుట నాకు సమ్మతము కాదు. ‘నిలువు’, ‘అడ్డము’ అనియున్నచో ఏ కాలపువారికిని పేచీ లేదు. రూపము కంటికి కనబడుచుండగా పేరుతో పనియేమని యందురేమో! చూపులేని విద్యార్థికి యంత్రము ఆ పేరునే చదివి వినిపించినచో, సున్‌జీ లెక్క నాతడెట్లు గ్రహించును? పైగా యూనికోడ్‌లో ఒకసారి పెట్టిన పేరు మార్చరాదను నియమము కలదు. తప్పని తేలినను సవరించిన పేరును ప్రక్కన చేర్చుటయే గాని మొదటిదానిని కొట్టివేయుట లేదు.

మన పాత లెక్కలలోను ఇట్టి గీతలున్నవి. కాలు, అర, ముప్పాతికలకు నిలువు గీతలు. వీసము, పరక, మువ్వీసములకు అడ్డగీతలు. ఇవి 2008లో యూనికోడ్ 5.1 కూర్పున చేరినవి. వాని పేర్లు నాలుగింటి బేసి ఘాతములకా, సరి ఘాతములకా అనునది చెప్పును. అచ్చట గీత దిక్కును నిర్ణయించునది ఆ ఘాతమే గనుక పేరు చక్కగా నమరినది. ఎవరి యింటనైన ఇట్టి గీతలున్న పాత దస్తరము లున్నచో బాలురు తెచ్చి చూపుదురు గాక. తరగతిలో అందఱము కలిసి చదివెదము.